ఖర్చు మాటలు

ప్రచార విభాగం, మూడో అంతస్తు
సోమవారం

అక్కా,

ఫోన్ చేస్తే నా మాటలు నీకు సగమే వినబడతాయి, ఆ సగంలోనూ తప్పులు పట్టుకుంటావు. అందుకే పెన్ను పట్టాను. నీకు ఉత్తరం రాయాలంటే ఇప్పటికీ డిక్టేషన్ రాస్తున్నంత భయం. దయచేసి ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపకు. నీ మరదలి ముందు పరువు పోతుంది.

అసలు సంగతికి వస్తాను. మా కంపెనీ మీ ఊళ్ళో, మీ నిఘంటువు ఆఫీసుకి రెండు వీధుల అవతల, ఐదంతస్తుల షాపింగ్ భవనం కడుతోంది. దాని ప్రచారమంతా నా నెత్తిన పెట్టారు. తగ్గింపు బోర్డులూ నవ్వే మొహాల బొమ్మలూ ఎవరైనా పెడతారు, మనం కొత్తగా ఏం చేద్దామని అడిగాడు ఛైర్మన్. డబ్బు ఖర్చుపెట్టడానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయి, ఏది ఎక్కడ పుట్టింది, ఎలా మారింది అన్నది గోడల మీద రాయిద్దామని నోరు జారాను. గదిలో అందరూ నా వంక చూశారు. ఛైర్మన్ లేచి వచ్చి చెయ్యి కలిపాడు. ఇప్పుడు ఆ మాటలు నాకేం తెలుసు? తెలిసిన అక్క ఒకతి ఉందన్నది తప్ప.

కింద నీ పేరు వేయిస్తాను. ఇంకో విషయం. ఛైర్మన్‌కి పుస్తకాలంటే గౌరవం. మీ ఆఫీసుకి వచ్చే డబ్బు ఆగిపోయిందని చెబితే ‘అయ్యో’ అన్నాడు. ఆయన అయ్యో అన్నాడంటే ఊరికే పోదు.

పెద్దాయన్ని అడిగానని చెప్పు. నాకు పరీక్షలప్పుడు ఆయనే వ్యాసాలు దిద్దిపెట్టేవారు కదా. నేనింకా ‘కాబట్టి’ ఎక్కువ వాడుతున్నానని కూడా చెప్పు.

నీ తమ్ముడు


నిఘంటువు ఆఫీసు, కిటికీ పక్క బల్ల
శనివారం

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరంలో తప్పులు దిద్దడం మొదలుపెట్టి మధ్యలో మానేశాను. సిరా దండగ.

పని పడితే తప్ప నీకు అక్క గుర్తురాదు. అది పాత సంగతే కాబట్టి కొత్తగా నొచ్చుకోను. పెద్దాయన మాత్రం నీ ఉత్తరం నా చేత రెండుసార్లు చదివించుకున్నారు. ప్రధాన సంపాదకుడికి నువ్వు పెట్టిన ఆ పేరే ఇప్పుడు ఆఫీసంతా వాడుతోంది. ఆఫీసంతా అంటే నేనూ, కింద పుస్తకాలు కుట్టే బైండరూ. మిగిలినవాళ్ళు జీతాలు ఆగిన ఏడాదే వేరే దారులు చూసుకున్నారు. ఇంగ్లీషు అక్షరం ‘ఎస్’ దగ్గర బండి కూరుకుపోయి ఉంది. ఆ భాషలో సగం మాటలు ఎస్‌తోనే మొదలవుతాయా అనిపిస్తుంది. గోడ పొడవునా సొరుగులు, సొరుగుల నిండా చీటీలు, ప్రతి చీటీ మీదా ఒక మాట, దాని పుట్టుపూర్వోత్తరాలు, మన భాషలో అర్థం. పెద్దాయన చెయ్యి వణుకుతుంది గానీ ఏ చీటీ ఏ సొరుగులో ఉందో కళ్ళు మూసుకుని తీస్తారు.

నువ్వడిగినవి ఇవిగో. ‘స్పెండ్’ లాటిన్ నుంచి వచ్చింది. తూచి ఇవ్వడం అని అర్థం. నాణేలు లెక్కపెట్టడం కాకుండా లోహాన్ని తూకం వేసి ఇచ్చిన రోజుల మాట. ‘పే’ కూడా లాటినే, శాంతింపజేయడం అని. నీ ఇంటి ముందు అరుస్తున్నవాడి చేతిలో వాడిది పెడితే వాడు శాంతించి పోతాడు చూడు, అదీ పే. ‘పర్చేజ్’ అంటే వెంటబడి వేటాడటం. ‘లావిష్’ అంటే కుండపోత వాన. ‘షెల్ అవుట్’ బఠాణీ కాయ వలిచి గింజలు తీసినట్టు జేబు వలవడం. ‘స్క్వాండర్’ ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియదు, మొదట్లో చెల్లాచెదరు చేయడమని వాడారు. ‘కన్స్యూమ్’ అంటే తినేయడం, తగలెయ్యడం, ఏమీ మిగలకుండా చేయడం. అందుకే క్షయ రోగానికి ఇంగ్లీషులో అదే పేరు పెట్టారు. ‘థ్రిఫ్ట్’ ఇప్పుడు పొదుపు అంటున్నాం గానీ మొదట వర్ధిల్లడం. అది కూడా గోడ మీద పెట్టమన్నారు పెద్దాయన.

మన మాటలు మాత్రం తక్కువ తిన్నాయా? ‘వ్యయం’ జనం నోట అరిగి ‘వెచ్చం’ అయింది, ఇంటికి తెచ్చుకుంటే ‘వెచ్చాలు’ అయింది. ‘ఖర్చు’ పారశీకం నుంచి వచ్చి మనింట్లోనే స్థిరపడింది. ఇప్పుడు మనిషిని చంపడానికి కూడా వీధిలో ఖర్చు అయిపోతావనే బెదిరిస్తున్నారు.

షాపు గోడల కోసం ఇదంతా ఎందుకండీ అని పెద్దాయనతో అన్నాను. “గోడ మీదైతేనేం అమ్మా, ఎవరో ఒకరు చదువుతారు కదా” అన్నారు. నేను కాగితం తీసుకుని ఇది రాయడం మొదలుపెట్టాను.

అక్క


ప్రచార విభాగం
గురువారం

అక్కా,

బంగారం నువ్వు. ఛైర్మన్ నీ కాగితం పట్టుకుని మేడంతా తిరిగాడు. ‘పే అంటే శాంతి’ అన్న మాట డబ్బు కట్టే ప్రతి కౌంటరు మీదా వేయిస్తున్నాం. లావిష్ దగ్గర పైకప్పు నుంచి గాజు చినుకులు వేలాడదీస్తారు. వేట మగవాళ్ళ దుస్తుల అంతస్తుకి. బఠాణీ పిల్లల అంతస్తుకి. నువ్వు చూస్తే మురిసిపోతావు.

స్క్వాండర్ తీసేశాం. కొనడానికి వచ్చినవాడిని గుమ్మంలోనే తిట్టినట్టుంటుంది అన్నారు. కన్స్యూమ్ సంగతి చెప్పనక్కర్లేదు. క్షయ అని చదివాక ఎవడికి చొక్కా కొనబుద్ధవుతుంది? థ్రిఫ్ట్‌కి గోడ చాల్లేదు. పే దగ్గర ‘ఇంటి ముందు అరిచేవాడు’ కూడా కాస్త తగ్గించాను. శాంతి ఒక్కటి ఉంటే చాలు.

అసలైన కబురు ఇప్పుడు. ఛైర్మన్ మీ నిఘంటువు పనిని కంపెనీ తరఫున తీసుకుంటానన్నాడు. చీటీలు, సొరుగులు, హక్కులు అన్నీ. అద్దె బాధ ఉండదు, మంచి చోటు చూపిస్తారు, మీ ఇద్దరూ పని పూర్తి చేసుకోవచ్చు. పెద్దాయన ఒప్పుకోవాలి, అంతే. నువ్వు చెబితే ఒప్పుకుంటారు. నేను స్వయంగా వచ్చి అడుగుదామనుకున్నాను గానీ ఈ నెల ఊపిరాడటం లేదు.

నీ తమ్ముడు


నిఘంటువు ఆఫీసు
మంగళవారం

చిన్నోడా,

ఊపిరాడనివాడివి పోయిన వారం మీ భవనం దగ్గర ఇనుప టోపీ పెట్టుకుని నిలబడ్డావట. బైండరు చూశాడు. రెండు వీధులు దాటి రావడానికి కాళ్ళు రాలేదా?

పే గురించి నువ్వు చేసింది తగ్గించడం కాదు, తిరగేయడం. ఆ మాటలో శాంతి పుచ్చుకున్నవాడిది, ఇచ్చినవాడిది కాదు. ఇచ్చి బయటికి పోయేవాడికి శాంతి దొరుకుతుందని ఏ నిఘంటువూ చెప్పలేదు. నా పేరు పెట్టి అబద్ధం రాయించకు.

ఇక రెండోది. పెద్దాయనకి చెప్పాను. “నీ తమ్ముడే కదమ్మా అడుగుతున్నది?” అన్నారు. అవునన్నాను. “అయితే ఇంకేం” అని, కంపెనీవాళ్ళు వస్తే సంతకం పెడతానన్నారు. ఒక్క కోరిక కోరారు. చీటీల వరస చెడగొట్టొద్దని. వరసలో ఉంటేనే అది నిఘంటువట, చెదిరితే చిత్తు కాగితమట. ఈ ముక్క కంపెనీవాళ్ళకి గట్టిగా చెప్పు. నువ్వు రాసింది పూర్తిగా కూడా వినలేదురా ఆయన. నా మొహం చూసి ఒప్పుకున్నారు. నాకు అదే భయంగా ఉంది.

భయమెందుకో రాయలేను. ఇన్నాళ్ళు ఎవరూ అడగని వస్తువుని ఒక్కసారిగా ఎవరో అడిగితే చేతులు కట్టుకుని సంతోషించడం నాకు చాతకాదు.

అక్క


ప్రచార విభాగం
ఆదివారం

అక్కా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. సంతకాలైపోయాయని లాయరు చెప్పాడు. పెద్దాయన వాళ్ళకి టీ ఇప్పించి, నేను చదువుకునే రోజుల కబుర్లు చెప్పారట. ఆయన మంచితనం ఆయనది.

మీ భవనం పాతది, మెట్లు ఊగుతున్నాయి, కొన్నాళ్ళు సామానంతా మా గోడౌన్‌లో పెడతారు. తర్వాత మీకు గది ఇస్తారు. ఎప్పుడన్నది ఇప్పుడే చెప్పలేను. మోసుకెళ్ళేవాళ్ళు వస్తారు, నువ్వు కంగారు పడకు. వరస సంగతి చెప్పాను. చెప్పమన్నవాళ్ళకి చెప్పాను.

నీ మరదలికి నడుం నొప్పి తగ్గింది. మా పెద్దాడు నీ చేతిరాతలా రాయాలని గుండ్రంగా రాస్తున్నాడు.

నీ తమ్ముడు


ఇల్లు, వంటగది బల్ల
బుధవారం

తమ్ముడికి,

ఆఫీసు నుంచి రాయడానికి ఆఫీసు లేదు కనుక ఇంటి నుంచి రాస్తున్నాను.

పొద్దున్నే వచ్చారు. అందరూ బలమైనవాళ్ళు, మర్యాదగానే ఉన్నారు. సొరుగులు ఒక్కొక్కటే లాగి గోనెసంచుల్లోకి బోర్లించడం మొదలుపెట్టారు. నాకు మొదట అర్థం కాలేదు. సొరుగులతో సహా తీసుకెళ్ళరా అని అడిగితే, సొరుగులు మీ షాపులోకట. పాత చెక్క, ఇత్తడి పిడులు, అందంగా ఉన్నాయట. వాటిలో సాక్సులు పెడతారట. చీటీలు వేరే లారీకట.

పెద్దాయన వాళ్ళలో ఒకడి దగ్గరికి వెళ్ళి, “బాబూ, ఏ సొరుగుది ఏ సంచిలో పోస్తున్నావో రాసుకుంటున్నావా?” అని అడిగారు. వాడు ఆగి, ఈయన్ని నొప్పించకూడదనే అనుకుని, “రాసుకోవడానికేముంది సార్, అన్నీ కాగితాలేగా” అన్నాడు. వాడి తప్పేం లేదు. వాడికి చెప్పినవాడెవడో వాడికి అంతే చెప్పాడు.

ఆయన నేల మీద కూర్చున్నారు. ఒలికిన చీటీలు ఏరి, ఒళ్ళో పెట్టుకుని వరస కట్టడం మొదలుపెట్టారు. ఈయన ఒక పిడికెడు సర్దేలోపు ఒక గోడ ఖాళీ అవుతోంది. నేను లేవదీయబోతే చెయ్యి విదిలించుకున్నారు. ఆయన నా చెయ్యి విదిలించడం అదే మొదలు. తర్వాత ఎడమవైపు పట్టేసి పక్కకి ఒరిగిపోయారు. బైండరూ నేనూ పట్టుకుని కిందికి దించాం. ఆసుపత్రిలో ఉన్నారు. మాట కాస్త ముద్దగా వస్తోంది, ప్రాణానికి పరవాలేదన్నారు.

నిన్ను ఒక్కటే అడుగుతాను. నీకు ముందే తెలుసా? నడుం నొప్పీ చేతిరాతా కలిపి రాయకుండా, ఆ ఒక్క ముక్కకే జవాబు రాయి.

అక్క


ప్రచార విభాగం
శుక్రవారం

అక్కా,

తెలుసు.

సొరుగుల సంగతి ముందునుంచీ తెలుసు. సంతకాలకి ముందు ఛైర్మన్ ఒకసారి మీ ఆఫీసుకి వచ్చి చూసిపోయాడే, అది వాటి కోసమే. గది ఇస్తారన్నది నేను నమ్మాను. పూర్తిగా నమ్మాను అని రాస్తే నువ్వు సంతోషిస్తావేమో, సగమే అని రాస్తున్నాను. చీటీలు మాత్రం పారేయనివ్వలేదు. మేడ మీద కాఫీ షాపుకి వాడుతున్నారు. బల్లల అద్దాల కింద పరుస్తారు. నలుగురి కళ్ళూ పడతాయి.

ఆసుపత్రి ఖర్చు కంపెనీ చూసుకునేలా మాట్లాడాను. అదైనా ఒప్పుకో.

నువ్వు నన్ను దొంగని చూసినట్టు చూస్తావని తెలుసు కాబట్టి ఇది కూడా రాసేస్తాను. ఆ చీటీలు ఎవరు చదివారు అక్కా? నువ్వు జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరావు అక్కడ. పెళ్ళి సంబంధం వస్తే ‘ఆర్’ అయ్యాక చూద్దామన్నావు. ‘ఆర్’ అయ్యేసరికి సంబంధాలు ఆగిపోయాయి. నీ చెవులు ఆ గదిలో పోయాయి, నీ కళ్ళు ఆ చీటీల్లో పోయాయి. మీ పుస్తకం ఎప్పటికీ అయ్యేది కాదు, అది నీకూ తెలుసు, ఆయనకీ తెలుసు. ఇంత జీవితం చెల్లించావు కదా, ఏం కొన్నావు? ఇవాళ నీ మాటలు వేలమంది చదవబోతున్నారు. అది నా వల్లే.

వచ్చే శనివారం ప్రారంభోత్సవం. రెండు పాసులు ఇందులో పెట్టాను. రావాలని లేకపోతే రావద్దు.

నీ తమ్ముడు


ఇల్లు
సోమవారం

తమ్ముడికి,

పాసులు చించేద్దామనుకున్నాను. పెద్దాయనని చూడటానికి వెళ్ళి బల్ల మీద పెడితే ఆయన చూశారు. వెళ్దామన్నారు. ఆసుపత్రి నుంచి వచ్చి వారం కాలేదు, కర్ర లేనిదే నడవలేరు, అయినా ఇస్త్రీ చొక్కా వేసుకుని బైండరు చేత గడ్డం గీయించుకున్నారు. మన చీటీలు ఎలా పెట్టారో చూడాలమ్మా అన్నారు.

నువ్వు కాఫీ షాపుకి ఎదురుగా వేసిన వేదిక మీదున్నావు. మమ్మల్ని చూడలేదేమోనని మొదట అనుకున్నాను.

కాఫీ షాపులో ప్రతి బల్లా నిండి ఉంది. అద్దాల కింద మా చీటీలు, అడ్డంగా, నిలువుగా, కొన్ని తలకిందులుగా. ఎవరికో అందంగా కనబడాలని కొన్నిటి అంచులు కాల్చారు. పెద్దాయన మొదటి బల్ల దగ్గర ఆగి, అక్కడ కూర్చున్న జంటని, “కొంచెం ఆ కప్పు ఎత్తుతారా?” అని అడిగారు. వాళ్ళు ఎత్తారు. చదివి, తలూపి, రెండో బల్లకి వెళ్ళారు. అక్కడా అదే మాట. మూడో బల్లవాళ్ళు నవ్వారు, ఇదేదో షాపువాళ్ళు పెట్టిన సరదా అనుకుని ఆయనతో ఫోటో తీసుకున్నారు. ఆయన వాళ్ళని పట్టించుకోలేదు. వరస కడుతున్నారురా. ఏది దేని తర్వాతదో, ఏ బల్ల మీద ఉందో, తలలో సర్దుకుంటూ నడుస్తున్నారు. పెదవులు కదులుతున్నాయి. నేను వెనకే నడిచాను, ఆపలేదు. ఎందుకు ఆపాలి?

కిటికీ పక్క బల్ల దగ్గర ఆయనకి కావలసిన చీటీ ఏదో దొరికినట్టుంది. అద్దం పైకెత్తబోయారు. కప్పు దొర్లి ఒకామె చీర మీద పడింది. ఆమె అరవలేదు, పాపం, లేచి నిలబడింది అంతే. కాపలావాడు వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. పెద్దాయన, “ఇవి నేను రాసినవి” అన్నారు. ముద్దగా వచ్చింది మాట. కాపలావాడికి అర్థం కాలేదు. వాడు చాలా వినయంగా, “టేబుల్ బుక్ చేసుకున్నారా సార్?” అని అడిగాడు.

అప్పుడు నేను వేదిక వైపు చూశాను. నువ్వు చూస్తున్నావు. నీ కళ్ళూ నా కళ్ళూ కలిశాయి. నువ్వు తల వంచుకుని మైకు సరిచేసుకున్నావు. సరిగ్గా ఉన్న మైకుని.

ఏం కొన్నావని అడిగావు. నేనేమీ కొనలేదు, నిజమే. నువ్వు రాసినవన్నీ నిజాలే. ‘ఆర్’ సంగతి కూడా. కానీ అవి నిజాలని చెప్పడానికి నువ్వు ఆ రోజు దాకా ఆగావు చూడు, నీ మొహానికి అడ్డం పెట్టుకోవడానికి అవసరం పడ్డ రోజు దాకా, అది నేను ఎన్నడూ మరిచిపోను.

అక్క


ప్రచార విభాగం
బుధవారం

అక్కా,

నీకు రాయకూడదనే రెండు నెలలు ఆగాను. ఇప్పుడూ మొహం లేదు.

మైకు సంగతి చెబుతాను. పక్కన ఛైర్మన్ ఉన్నాడు. ఆ పెద్దమనిషి ఎవరని అడిగాడు. తెలియదన్నాను. నువ్వు అంత దూరం నుంచి ఇది చూడలేదు, వినలేదు. నేనే చెబుతున్నాను.

రాయడానికి కారణం వేరే. కంపెనీ మిగతా ఊళ్ళలోనూ ఇలాంటి భవనాలు పెడుతోంది. అవే గోడలు, అవే మాటలు. గోడల మీదున్నవి చీటీల్లోవి కావట, నీ ఉత్తరంలోవట; వాటిని మొదటిచోట వాడుకోవడానికి మాత్రమే నువ్వు ఒప్పుకున్నావట, మిగతాచోట్లకి మళ్ళీ నీ సంతకం కావాలని లాయరు పట్టుబట్టాడు. మా అక్కే కదా అని ఆ పని నాకప్పగించారు. నీ సంతకం రాకపోతే ఆ గోడలు ఆగిపోతాయి, గోడలు ఆగితే నేను ఆగిపోతాను. ఈ వయసులో నన్ను ఇంకెవరూ తీసుకోరు. ఇది నిన్ను బెదిరించడానికి కాదు. బెదిరించడానికి కాదు అని రాశాక అలాగే వినబడుతోంది. ఎలా రాయాలో తెలియడం లేదు.

నువ్వు పెట్టకపోయినా నేను అర్థం చేసుకుంటాను.

పెద్దాయన ఎలా ఉన్నారు?

నీ తమ్ముడు


ఇల్లు
శనివారం

తమ్ముడికి,

సంతకం పెట్టిన కాగితం దీనితో ఉంది. నీ కోసం పెట్టలేదు. గుండ్రంగా రాయడం నేర్చుకుంటున్నవాడు ఏ పాపం ఎరగడు, వాడి బడి ఆగకూడదని పెట్టాను. ఒక్క షరతు. కింద నా పేరు ఉండకూడదు. ఇప్పుడున్న చోట కూడా తీసేయించు. గోడ గీకుతావో, రంగు కొడతావో నీ ఇష్టం.

నాకు పని దొరికింది. సాయంత్రాలు ఒక బడిలో పెద్దవాళ్ళకి ఇంగ్లీషు చెబుతున్నాను. బస్సులు నడిపేవాళ్ళు, నర్సులు, ఒక తాళాలు చేసే అతను. మాటలు ఎక్కడ పుట్టాయో వాళ్ళకక్కర్లేదు, రేపు పొద్దున ఎలా వాడాలో కావాలి. నా చెవుల వల్ల వాళ్ళు గట్టిగా మాట్లాడాల్సి వస్తోంది, దాంతో వాళ్ళకి బెరుకు పోతోంది. నాకు బాగానే ఉంది. నీ ఊహలో నేను ఏడుస్తూ కూర్చుని ఉంటే ఆ బొమ్మ తీసేయి.

నువ్వడిగిన చివరి ప్రశ్నకి జవాబు ఇంకో కాగితం మీద రాస్తున్నాను. సంతకం కాగితంతో కలిపి దాన్ని మీ లాయరుకి ఇవ్వడం నాకిష్టం లేదు.

*

రెండో పేజీ.

పెద్దాయన పోయారు. పోయిన ఆదివారం మధ్యాహ్నం.

ఆ షాపు నుంచి వచ్చాక ఆయన మళ్ళీ వీధిలోకి రాలేదు. మంచం మీదే. ఎవరినీ ఏమీ అనలేదు, నిన్ను కూడా. అంటే నాకు తేలిగ్గా ఉండేది. నీ గురించి రెండుసార్లు అడిగారు. అబ్బాయికి పని ఒత్తిడి ఎక్కువా అని. అవునన్నాను.

చివరి రోజుల్లో కాలం కలగలిసిపోయింది ఆయనకి. నేను వెళ్ళేసరికి ఆఫీసుకి వచ్చాననుకునేవారు. ఆలస్యమైందేమమ్మా అనేవారు. ఆదివారం నాడు కళ్ళు తెరిచి, స్పష్టంగా, “ఎస్ అయిపోయిందా?” అని అడిగారు. నేను అయిపోయిందన్నాను. నిఘంటువు విషయంలో ఆయన దగ్గర నేనాడిన మొదటి అబద్ధం అది. “అన్నీ సరిచూశావా?” అన్నారు. చూశానన్నాను. “అయితే రేపు ‘టి’ మొదలుపెడదాం” అన్నారు. సరేనండీ అన్నాను. బైండరు కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాడు. కాసేపటికి వాడే ముందు గమనించాడు.

నీకు కబురు చెయ్యనా అని బైండరు అడిగాడు. వద్దన్నాను. ఎవరు ఆ పెద్దమనిషి అంటే తెలియదన్నావు కదా. తెలియనివాళ్ళకి కబురు పెట్టరు.

అక్క


ప్రచార విభాగం
మంగళవారం

అక్కా,

సంతకం కాగితం అందింది. లాయరుకి ఇచ్చేశాను. నీ పేరు తీసేయమని ఆ రోజే చెప్పాను, నిన్న తీసేశారు, ఫోటో పంపారు. ఆ చోట ఇప్పుడు నున్నగా ఉంది, అక్కడ ఏదో ఉండేదని కూడా తెలియదు.

కొత్త ఊళ్ళో గోడల పని మొదలైంది. పే కి ఈసారి నీలం రంగు వాడుతున్నారు. నాకు జీతం పెంచారు. నీ మరదలు నీకు స్వెట్టర్ అల్లుతోంది, చలికి ముందే పంపుతుంది. పెద్దాడికి లెక్కల్లో మంచి మార్కులొచ్చాయి. తాళాలు చేసే అతను ఇంగ్లీషులో ఏం మాట్లాడుతున్నాడో రాయి, వినాలని ఉంది.

నీ ఉత్తరంలో మొదటి పేజీ చదివాను. రెండోది చదవలేదు. మడత విప్పకుండా చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతున్నాను. ఉతకడానికి వేసేముందు తీసి ఇంకో చొక్కాలోకి మార్చుకుంటున్నాను. నీ మరదలు ఏమిటది అని అడిగింది, ఆఫీసు కాగితమన్నాను.

పెద్దాయన ఎలా ఉన్నారో అందులో రాసే ఉంటావు. కర్ర లేకుండా నడుస్తున్నారనుకుంటాను. పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని నిన్ను ఆలస్యమైందేమని కోప్పడుతున్నారనుకుంటాను. వచ్చే నెల మీ ఊరు వస్తున్నాను, ఈసారి నిజంగా వస్తాను. ఆయన ఇష్టపడితే ఒక్కసారి కనబడి వెళ్తాను.

దీనికి జవాబు రాయాలనుకుంటే ఆ ఒక్క విషయం మాత్రం రాయకు అక్కా.

నీ తమ్ముడు